ఒక జత తీగల మీద దొంగ ఎక్స్ఛేంజీ

ఈ ఉద్యోగంలో నేను తీగల కన్నా ఎక్కువగా బాగుచేయవలసి వచ్చినవి నమ్మకాలు. తీగలు బాగుపడేవి.

టెలిఫోన్ల శాఖలో ఇంజనీరుగా తెనాలి, బాపట్ల, రేపల్లెల మధ్య తిరిగి తిరిగి రిటైరయ్యాను. ఏ ఏడాది ఏ హోదా వచ్చిందో, ఎవరు నన్ను దాటుకుని పైకి వెళ్లారో ఇక్కడ రాయను. ఆ కథ మా ఇంట్లోవాళ్లకే విసుగు. ఇప్పుడు ఈ పనిలో చేరుతున్న పిల్లలకు శిక్షణలో మోడెమ్ గురించి చెబుతారు, కేబుల్ గురించి చెబుతారు. మోడెమ్ ముందు కూర్చునే మనిషి గురించి, కేబుల్‌కి ఈ చివర కుర్చీలో కూర్చునే అధికారి గురించి ఎవరూ చెప్పరు. అది నేను చెబుతాను.

మా ఊళ్లకు బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది రెండువేల ఆరు, ఏడు ప్రాంతాల్లో. అంతకుముందు విదేశంలో ఉన్నవాళ్లతో మాట్లాడాలంటే బూత్‌కి వెళ్లి, గాజుగదిలో నిలబడి, ఎదురుగా బిల్లు మీటరులో ఎర్ర అంకెలు పరుగెడుతుంటే చెప్పదలుచుకున్నది సగం మింగేసి బయటికి రావాలి. బ్రాడ్‌బ్యాండ్ వచ్చాక కంప్యూటరుకి ఒక హెడ్‌ఫోన్ తగిలించుకుంటే చాలు, ఇంట్లో కూర్చునే తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. కంప్యూటరు నుంచి కంప్యూటరుకి మాట్లాడుకోవడం చట్టం ఒప్పుకున్న పని. జనం సంతోషించారు. సంతోషించనిది మా శాఖ ఒక్కటే.

ఉదయం పూట బజారులో షామియానా వేసి, మైకులో అరిచి, ఇంటింటికీ కనెక్షన్లు అమ్మేవాళ్లం. సాయంత్రం మీటింగులో కూర్చుని, ఆ కనెక్షన్ల మీద జనం మాట్లాడేసుకుంటున్నారని వాపోయేవాళ్లం. "నెట్‌లో మాట్లాడటం అంటే మన జేబు కొట్టడమేనయ్యా" అన్నాడు ఒక పెద్ద అధికారి. అందరూ తలలూపారు. గొడుగు అమ్మినవాడు, కొన్నవాడు తడవడం లేదని గుండెలు బాదుకున్నట్టుంది ఆ మీటింగు. జనం మాట్లాడుకుంటే మనకు నష్టం అనుకునే టెలిఫోను శాఖ ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు. ఆ కడుపుమంట సంగతి మాత్రం గుర్తుంచుకోండి. తరువాత చెప్పబోయే అన్యాయం అందులోంచే పుట్టింది.

వంటింట్లో మోడెమ్

ముందు రేపల్లె. అక్కడ ఒక రైసుమిల్లు యజమాని ఇంటి నుంచి పదే పదే ఫిర్యాదు వచ్చేది: నెట్ ఫోనులో మాట ముక్కలు ముక్కలుగా వస్తోందని. లైన్‌మన్ ఎన్నిసార్లు వెళ్లివచ్చినా ఆ ఫిర్యాదు తెగలేదు. చివరికి నేనే వెళ్లాను.

లైను వచ్చేది హాల్లోకి. కంప్యూటరు ఉన్నది వంటింట్లో, గ్యాసుపొయ్యి పక్కన. కరెంటుతో నడిచేదీ వేడెక్కేదీ కాబట్టి ఆగ్నేయంలోనే ఉండాలని వాస్తు సిద్ధాంతి చెప్పాడట. హాల్లోంచి వంటింటికి, స్నానాలగది గోడ మీదుగా, పాత తీగముక్కలు మెలిపెట్టి లాగారు. అసలే ఉప్పుగాలి ఊరు. ప్రతి అతుకూ పచ్చగా చిలుం పట్టి ఉంది.

"ఇన్ని అతుకులుంటే మాట తెగకుండా ఎలా వస్తుందండీ? కంప్యూటరు హాల్లో పెట్టుకోండి" అన్నాను.

"హాలు ఈశాన్యమండి. అక్కడ బరువు పెట్టకూడదు" అన్నాడాయన, హాల్లో సోఫాలో కూర్చుని.

"సోఫా బరువు కాదాండీ? పైన మీరు కూడా ఉన్నారు."

"సోఫా వేరండి."

లోపలినుంచి ఆయన భార్య అందుకుంది. "మా తమ్ముడు దోహాలో ఉంటాడు సార్. నేను ఏం చెప్తున్నానో వాడికి వినపడదు గానీ పోపు చిటపట మాత్రం శుభ్రంగా వినపడుద్ది. 'అక్కా, ఇవాళ చారా?' అంటాడు."

ఆ ఇల్లు నేను బాగుచేయలేకపోయాను. కానీ ఆ సిద్ధాంతి కొన్నాళ్లకు తన ఇంటికే కనెక్షన్ పెట్టించుకున్నాడు. లైను చూడటానికి వెళితే ఆయన మోడెమ్ పడకగదిలో కిటికీ పక్కన ఉంది. "ఆగ్నేయంలో పెట్టలేదేంటండీ?" అన్నాను. "అక్కడ ఉక్కండి" అన్నాడు. ఒక్క క్షణం కూడా తడబడలేదు. శాస్త్రం అమ్ముకునేవాడికి తన ఇంట్లో ఫ్యాను గాలే ముఖ్యం. కొనుక్కున్నవాడే పొయ్యి పక్కన చెమటలు కక్కుతూ మాట్లాడతాడు.

రాగిరేకు

బాపట్లలో ఇంకో రకం. ఆయన కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన లెక్చరరు. తన మాట తనకే వెనక్కి వినిపిస్తోందని ఫిర్యాదు. వెళ్లి చూస్తే మోడెమ్ కింద ఒక రాగిరేకు, దాని మీద గళ్లు, గళ్లలో అక్షరాలు, మూలలకు కుంకుమ.

"ఇంట్లో ఏదో ఉందండి" అన్నాడు గొంతు తగ్గించి. "నేను ఏమంటే అదే అంటోంది."

"మీరు భౌతికశాస్త్రం కదండీ చెప్పింది?"

"చెప్పానండి. సైన్సుకి అందనివి చాలా ఉంటాయని అప్పుడే తెలుసు."

"ప్రతిధ్వని అందుతుంది కదండీ? అది స్కూలు పాఠమే."

ఆయనకు కోపం వచ్చింది. అవతల మాట్లాడేది ఎవరని అడిగితే మస్కట్‌లో ఉన్న తమ్ముడన్నాడు. ఆ తమ్ముడు హెడ్‌ఫోన్ పెట్టుకోకుండా స్పీకర్లు పెద్దగా పెట్టి వింటున్నాడు. ఈయన మాట అక్కడి స్పీకరులోంచి వచ్చి అక్కడి మైకులో దూరి మళ్లీ ఈయనకే చేరుతోంది. మీ గొంతు మీకు వినిపిస్తుంటే లోపం అవతలి ఇంట్లో ఉంటుంది. కొత్తగా చేరినవాళ్లు ఈ ఒక్క ముక్క నేర్చుకుంటే సగం తిరుగుడు తప్పుతుంది. తమ్ముణ్ని హెడ్‌ఫోన్ పెట్టుకోమన్నాను. దయ్యం ఆ నిమిషమే పోయింది.

లెక్చరరుగారు రాగిరేకును కళ్లకద్దుకున్నాడు. "పనిచేయడానికి కాస్త టైము పడుతుందని రేకు ఇచ్చినాయన ముందే చెప్పారండి" అన్నాడు.

ఇలాంటివాళ్ల మీద నాకు చిరాకే గాని పగ లేదు. వీళ్ల మూఢనమ్మకం వీళ్ల ఫోనునే పాడుచేసింది. అదే మూఢనమ్మకం చేతిలో సంతకం, గుమ్మంలో జీపు పెట్టుకుని కూర్చుంటే పాడయ్యేది ఎదుటివాళ్ల బతుకు. అది తెనాలిలో చూశాను.

మెహరున్నీసా గారి లైను

మెహరున్నీసా గారు తెనాలిలో చాలాకాలంగా పేటలో పిల్లలకు ఉర్దూ, అరబ్బీ చదవడం నేర్పేవారు. భర్త బాజీ రేకుపెట్టెలు చేసేవాడు. ఆమె దగ్గర చదువుకున్న ఆడపిల్లలు పెళ్లిళ్లయి గల్ఫుకీ, ఇంకా దూరాలకీ వెళ్లాక, తమ పిల్లలకు కూడా ఆమే చెప్పాలని పట్టుబట్టారు. అలా ఆమె ఇంటికి బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. ముందుగదిలో ఒక కంప్యూటరు, ఒక హెడ్‌ఫోన్, ఒక పీట. రోజూ మధ్యాహ్నం దాటాక మొదలుపెట్టి ఒకరి తరవాత ఒకరికి పాఠం.

ఒకసారి లైనులో గరగర వస్తోందంటే నేను వెళ్లాను. ఆమె కళ్లు మూసుకుని వింటూ, అవతలి పిల్ల పలికిన ఒక్క అక్షరాన్ని మళ్లీ మళ్లీ అనిపిస్తున్నారు. పాఠం అయ్యేదాకా నన్ను వరండాలో కూర్చోబెట్టారు.

"గొంతు లోపలినుంచి వచ్చే అక్షరం వేరు, నాలిక చివరినుంచి వచ్చేది వేరు సార్. ఆ తేడా నాకు వినపడాలి. వినపడకపోతే నేను టీచర్ని కాదు, ఊరికే కబుర్లు చెప్పేదాన్ని" అన్నారు.

"నేను నాస్తికుణ్నమ్మా. మీరు చెప్పే పాఠంలో ఉన్నదాని మీద నాకు నమ్మకం లేదు" అన్నాను. దాచిపెట్టడం నాకు చేతకాదు.

"మీరు నమ్మక్కర్లేదు సార్. లైను బాగుంటే చాలు."

నా ఉద్యోగంలో ఇంత సమంజసమైన ఒప్పందం ఇంకెవరితోనూ కుదరలేదు.

ఆ రోజుల్లోనే దొంగ ఎక్స్ఛేంజీల మీద నిఘా పెట్టమని పైనుంచి ఆదేశం వచ్చింది. దొంగ ఎక్స్ఛేంజీ అంటే ఏమిటో చెబుతాను. విదేశం నుంచి రావలసిన ఫోన్లను ఇంటర్నెట్ మీద ఒక ఇంటికి తెచ్చి, అక్కడినుంచి లోకల్ కాల్స్‌గా ఊళ్లోకి వదులుతారు. శాఖకు రావలసిన రుసుము ఎగ్గొట్టడానికి చేసే మోసం. అది నిజంగా నేరమే. అలాంటివాళ్లను పట్టుకోవలసిందే.

మా డివిజనల్ ఇంజనీరు, మేం పెద్దసారు అనేవాళ్లం, పట్టుకోవడానికి బయలుదేరాడు. ఆయన బల్ల తూర్పు వైపు తిరిగి ఉండేది. కిటికీలోంచి ఎండ సూటిగా కళ్లలో కొడుతున్నా తిప్పేవాడు కాదు. రాహుకాలంలో కలం పట్టేవాడు కాదు. ఇంటర్నెట్ ఎక్కువగా వాడే ఇళ్ల పేర్లు తెప్పించుకున్నాడు. అందులో సినిమాలు దింపుకునే లాడ్జీ ఉంది, పగలూ రాత్రీ ఆటలాడుకునే డాక్టరుగారి అబ్బాయి ఉన్నాడు. ఆయన వేలు మెహరున్నీసా అన్న పేరు దగ్గర ఆగింది. పేరు చదివాడు, విదేశాలతో మాటలు అని విన్నాడు, తీర్పు అయిపోయింది. ఇక మిగిలింది ముహూర్తం.

నేనప్పుడు అదనపు బాధ్యత మీద రేపల్లెలో ఉన్నాను. తిరిగి వచ్చేసరికి పని జరిగిపోయింది. పోలీసు జీపు, వెనక మా శాఖ జీపు, పేటంతా చూస్తుండగా పాఠం మధ్యలో లోపలికి వెళ్లి తీగ కత్తిరించి, కంప్యూటరూ హెడ్‌ఫోనూ పట్టుకుపోయారు. అవతల పిల్ల చదువుతూనే ఉందట.

నేను సరాసరి పెద్దసారు గదిలోకి వెళ్లాను.

"సార్, ఆ ఇంట్లో ఎన్ని ఫోన్లు దొరికాయండీ?"

"ఒకటే."

"సిమ్ కార్డులు?"

"దాచేసి ఉంటారు."

"లోపలికి వచ్చిన ప్రతి ఫోనూ బయటికి వెళ్లడానికి ఇంకో లైను కావాలి కదండీ. ఆ ఇంటికి ఉన్నది ఒక జత తీగలు. ఒక జత తీగల మీద ఎక్స్ఛేంజీ ఎలా నడుస్తుందండీ?"

"నాకు పాఠాలు చెప్తావా?"

"చెప్పనండి, అడుగుతున్నాను. పోనీ ఆ ఒక్క ఫోనే వాడారనుకుందాం. అప్పుడది ఎప్పుడూ ఎంగేజ్‌లో ఉండాలి. మీరెవరన్నా ఆ నంబరుకి ఫోను చేసి చూశారా?"

పెద్దసారు బల్ల మీది కాగితాలు సర్దుకోసాగాడు. పక్కనే ఫైలు పట్టుకుని నిలబడ్డ గుమస్తా మాత్రం నిజాయితీగా సాయం చేయబోయాడు. "నేను చేశానండి. ఆ రోజు."

"ఎందుకు చేశారండీ?"

"రాహుకాలం వెళ్లగానే బయల్దేరాలన్నారండి సారు. ఆ టైముకి వాళ్లు ఇంట్లో లేకపోతే ముహూర్తం తప్పిపోద్ది గదండి. ఉంటారో లేదో కనుక్కోమన్నారు."

"ఎత్తారా?"

"ఒక్క రింగుకే ఎత్తారండి. 'పిల్లలకి పాఠం చెప్తున్నాను, ఇంట్లోనే ఉంటాను, రండి' అన్నారు."

దొంగల మీద దాడికి వెళుతూ, ఇంట్లో ఉంటారా అని దొంగలనే ఫోను చేసి అడిగిన శాఖ మాది. నెట్ నడుస్తున్నా అదే తీగ మీద ఫోను విడిగా మోగుతుంది; దొంగ కాల్స్ పోతుంటే మోగదు. ఆ ఫోను మోగింది. ఒక మనిషి ఎత్తి మాట్లాడింది. దొంగ ఎక్స్ఛేంజీ లేదనడానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు. ఆ రుజువు వీళ్ల చెవిలోనే పడింది. దుర్ముహూర్తం తప్పించుకునే హడావిడిలో ఎవరూ దాన్ని వినలేదు.

"మరి అన్నేసి గంటలు విదేశాలతో ఏం మాట్లాడుద్దయ్యా?" అన్నాడు పెద్దసారు.

"పాఠం సార్."

"ఏం పాఠం?"

"అరబ్బీ అక్షరాలు."

"అదే నా అనుమానం" అన్నాడాయన. మనసులో మాట బయటపడిందని ఆయనకే తెలియలేదు.

చెయ్యి చూసి జాతకం చెప్పేవాణ్ని వెక్కిరించడం తేలిక. పేరు చూసి జాతకం చెప్పేవాడు ఆఫీసులో కూర్చుంటే అతన్ని అనుభవజ్ఞుడంటాం. రెండూ ఒకే జబ్బు. పరీక్షకు ముందే ఫలితం రాసేసుకోవడం.

జీపు రావాలి

సాయంత్రం ఆమె ఇంటికి వెళ్లాను. గుమ్మంలో బాజీ ఉన్నాడు. "మా ఇంట్లో దొంగ ఎక్స్ఛేంజీ ఉంటే నేనింకా రేకులు కొట్టుకుంటా కూర్చుంటానా సారూ? మీ వాళ్లకి ఆ మాత్రం తెలివి లేదా?" అన్నాడు. నేను చెప్పులు విప్పి లోపలికి వెళ్లాను.

మెహరున్నీసా గారు అరిచి ఉంటే నాకు కాస్త నయంగా ఉండేది. ఆమె నెమ్మదిగానే అన్నారు. "లైను పోతే మళ్లీ తెచ్చుకోవచ్చు సార్. పోలీసులొచ్చిన ఇల్లన్న మాట పోదు. రజియా నిన్న బాజీ సెల్‌కి ఫోను చేసింది. 'టీచరమ్మా, మా ఆయన పాఠాలు ఆపెయ్యమంటున్నారు, మిగతా ఇళ్లవాళ్లు కూడా నన్నే అడుగుతున్నారు, ఏం చెప్పను?' అంది. పిల్లల్ని పంపేది నా పేరు చూసి. ఆ పేరే పోతే నేనేం చెప్పినా ఎవరు వింటారు?"

రజియా ఆమె పాత శిష్యురాలు, దుబాయిలో ఉంటుంది. మిగతా తల్లులందరికీ ఆమె మాటే మాట.

ఆ తరువాత నడిచిన కాగితాల గొడవ వదిలేస్తాను. నేను గుంటూరు వెళ్లి పైఅధికారికి ఉన్నదున్నట్టు చెప్పాను. కంప్యూటరు పరీక్షించారు. అందులో పాఠాలూ పిల్లల ఫొటోలూ తప్ప ఏమీ లేవు. ఈలోపు కొన్ని ఇళ్లవాళ్లు వేరే టీచర్లను చూసుకున్నారు. వాళ్లు ఆమె దగ్గరికి మళ్లీ రానేలేదు.

ఒక ఉదయం పెద్దసారు నన్ను పిలిచి, కంప్యూటరు ఇచ్చేసి లైను కలిపేయమన్నాడు. "మానవతా దృక్పథంతో పునరుద్ధరిస్తున్నాం అని చెప్పు" అన్నాడు. తప్పు చేసినవాడు దయ చూపించడం మన ఆఫీసుల్లో పాత అలవాటు.

నేనూ లైన్‌మనూ వెళ్లాం. స్తంభం దగ్గర తీగ కలిపి, ఇంటిదాకా నేనే పరీక్షించాను. ఇక గోడ మీది కొస తగిలించడమే మిగిలింది. పెద్దసారు చెప్పమన్న మాట చెప్పాను. మెహరున్నీసా గారు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు.

"దయైతే వద్దండి."

"అమ్మా, ముందు లైను తీసుకోండి, తరవాత మాట్లాడదాం" అన్నాను.

"కట్ చేయడానికి జీపేసుకుని వచ్చారు సార్. కలపడానికి కూడా ఆ జీపే రావాలి. అప్పుడు చూసినవాళ్లంతా ఇప్పుడూ చూడాలి."

లైన్‌మన్ నవ్వాపుకోలేక అటు తిరిగాడు. నేను ఆ మాట అక్షరం మార్చకుండా ఆఫీసుకు చేర్చాను. పెద్దసారు ఎగిరిపడ్డాడు. కానీ గుంటూరులో పైఅధికారికి ఆ విషయం తెలిసి, ఆ గొడవ ఈ రోజే ముగించమని ఫోను చేశాడు. మధ్యాహ్నానికి జీపు కదిలింది. ఆ టైములో రాహుకాలం ఉందో లేదో ఎవరూ చూడలేదు.

పేటంతా వీధిలోకి వచ్చింది. పెద్దసారు దిగి, రెండు చేతులూ కలిపీ కలపనట్టు పెట్టి, "ఏదో పొరపాటు జరిగిందమ్మా" అని గొణిగాడు.

"నేను తప్పు చేయలేదని నాకు తెలుసండి. నాకు చెప్పక్కర్లేదు" అన్నారామె. "చెప్పాల్సినవాళ్లు లైన్లో ఉన్నారు. రండి, కూర్చోండి."

జీపు రాగానే లైన్‌మన్ గోడ మీది కొస తగిలించడంతో అప్పటికే లైను కలిసింది. తెర మీద రజియా పేరు వెలుగుతోంది. ఆ పీట మీద కూర్చోబెట్టి ఆయన తలకు హెడ్‌ఫోన్ తగిలించారు. ఆయన నావైపు చూశాడు. నేను మోడెమ్ దీపాలు చూస్తున్నాను.

"హలో... నేను తెనాలి టెలిఫోను ఆఫీసు నుంచమ్మా... మీ టీచరుగారి విషయంలో చిన్న పొరపాటు జరిగింది."

ఆగాడు. విన్నాడు.

"వినపడట్లేదా? పొరపాటమ్మా, పొరపాటు!... ఎవరిదా?... మాదే. మా ఆఫీసుది."

మళ్లీ విన్నాడు. మెడ ఎర్రబడింది. ఈసారి గొంతు బాగా పెంచాడు. "ఆవిడ ఏ తప్పూ చేయలేదు! తప్పు చేసింది మేము! మేమండీ!"

గుమ్మంలో జనం ఒక్కసారి గలగలలాడారు. వెనకున్న ఒక ముసలమ్మ, "ఏమన్నాడే?" అంటే ఎవరో, "తప్పు ఆయనదేనంట పిన్నీ" అన్నారు. ఆయనకు హెడ్‌ఫోన్లో ఏం వినపడిందో గాని ఇంకోసారి కూడా చెప్పవలసి వచ్చింది. అది వీధి చివరి కిళ్లీకొట్టు దాకా వినిపించి ఉంటుంది.

అప్పుడు మెహరున్నీసా గారు హెడ్‌ఫోన్ తీసుకుని పెట్టుకున్నారు. మామూలుగా, పక్క మనిషితో మాట్లాడినంత మెల్లగా, "రజియా, పిల్లని పిలువు" అన్నారు. అవతల వెంటనే కుర్చీ జరిగిన చప్పుడైంది కాబోలు, ఆమె కళ్లు మూసుకుని పాఠం మొదలుపెట్టారు.

జీపు దగ్గర పెద్దసారు నన్ను నిలదీశాడు. "లైను సరిగా లేదయ్యా. అన్నిసార్లు చెప్తే గానీ ఆవిడకి వినపడలేదు. ఏం టెస్ట్ చేశావు?"

"లైను శుభ్రంగా ఉందండి" అన్నాను.